రోమువ – అగ్నిపీఠమునుండి శాసనసభవరకు

‘పేగన్’ అను మాట లాటిన్ భాషనుండి పుట్టినది. మొదట దాని అర్థము పల్లెటూరివాడు అని మాత్రమే. రోమక సామ్రాజ్యమున నగరవాసులు క్రైస్తవమును స్వీకరించిన తరువాత, పాత దేవతలను విడువని వారికి ఈ మాట నిందాపదముగా అంటగట్టబడినది. శతాబ్దములపాటు ఇతరులు నిందగా వాడిన పేరును ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో కొందరు తమ పేరుగా తామే ధరించిరి. ఇంగ్లండులో మంత్రవిద్యను గూర్చిన పాత శాసనము 1951లో రద్దయిన పిమ్మట జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారములోనికి తెచ్చిన విక్కా, ఐస్‌లాండులోని ఆసాత్రూ, లిథువేనియాలోని రోమువ మొదలైనవన్నియు నేడు ఆధునిక పేగన్ మతములను పేరుతో వ్యవహరింపబడుచున్నవి.

వీనినన్నింటిని ఒకే గాట కట్టుట పొరపాటు. విక్కా వంటివి ఏ దేశమువారైనను దీక్ష పొందదగిన మార్గములు. రోమువ వంటివి ఒక భాషను, ఒక నేలను, ఒక జాతి పాటలను ఆశ్రయించుకొని యున్నవి. ఈ రెండవ తెగకు రాజకీయములతో సంబంధము తప్పనిసరి యైనది. ఏలయన, జాతి, నేల, భాష అను మూడును రాజ్యము కూడ తనవని చెప్పుకొను వస్తువులే. తన దేశమందలి అతి ప్రాచీనమైన ఆరాధనకు చట్టమున చోటు కోరిన రోమువకు, రిజిస్టరైన నాటినుండి గుర్తింపు లభించువరకు 32 సంవత్సరములు పట్టినది. అంత కాలము ఎందుకు పట్టినదో తెలిసికొనుటకు ఆ దేశ చరిత్రలోనికి కొంత దూరము పోవలసియున్నది.

బాల్టిక్ సముద్రపు తూర్పుతీరమున, లాట్వియా పోలండుల నడుమ ఉన్న చిన్న దేశము లిథువేనియా. జనసంఖ్య 30 లక్షలకు లోపు. నేటికిని జనులు మాటలాడుచున్న ఇండో-ఐరోపా భాషలలో ప్రాచీన రూపములను విశేషముగా నిలుపుకొన్నది వారి భాషయని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తెలుగునకు ఆ భాషతో చుట్టరికము లేదు. అయినను సంస్కృతమునుండి తెలుగు తెచ్చుకొన్న మాటలద్వారా తెలుగు పాఠకుడు దానిని కొంత గుర్తుపట్టగలడు. దేవుని వారు దియేవస్ అందురు. అగ్ని వారికి ఉగ్నిస్, ధూమము దూమాయ్, మధువు మెదుస్, దంతము దంతిస్, స్వప్నము సప్నస్, కుమారుని తెలుపు సూనుడు అను మాట సూనుస్. ఈ పోలికలను చూచి, వారి పాత మతము వైదికమే యని తీర్మానించువారు కొందరు కలరు. అది తొందరపాటు. ఒకే తాతకు మనుమలైన ఇరువురకు ముఖములలో పోలిక యుండవచ్చును గాని, ఒకని గృహకృత్యము మరియొకనిది కాదు.

ఐరోపాలో క్రైస్తవమును అందరికంటె చివర స్వీకరించిన దేశము లిథువేనియా. మిందౌగస్ అను ప్రభువు 1251లో బాప్తిస్మము పొంది, 1253లో రాజకిరీటము ధరించెను. 1263లో ఆయన హత్యకు గురియైన తరువాత దేశము మరల పాత దేవతలవైపే మరలినది. ఖడ్గధారులైన సన్న్యాసులని చెప్పదగిన ట్యూటానిక్ నైట్లు మతము పేరిట ఆ దేశముపై శతాబ్దమునకు పైగా దండెత్తుచు వచ్చిరి. పొరుగుననే యుండిన ప్రష్యనులు, లిథువేనియనులతో ఒకే కుటుంబమునకు చెందిన జాతివారు, వారి చేతులలో ఓడిపోయిరి. ఆ ప్రష్యనుల భాష పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభమునకు పూర్తిగా నశించినది. నేడు ప్రష్యా యను పేరు వినినంతనే జర్మనులు తలపునకు వత్తురు గాని, ఆ పేరు మొదట ఎవరిదో తలచువారు అరుదు.

1386లో లిథువేనియా ప్రభువు యొగైలా పోలండు రాణియైన యాద్విగను వివాహమాడి, ఆమె మతమును, ఆమె రాజ్యమును కూడ పొందెను. మరుసటి సంవత్సరము విల్నియస్ నగరమున జరిగిన సంగతులను పదునైదవ శతాబ్దపు పోలిష్ చరిత్రకారుడు యాన్ ద్లుగోష్ వర్ణించియున్నాడు. ఆయన వ్రాసిన ప్రకారము, ఎడతెగక మండుచుండిన పవిత్రాగ్నిని ఆర్పించిరి. పూజింపబడు వనములను నరికించిరి. ఇండ్లలో పాలు పోసి పెంచుకొనుచుండిన సర్పములను చంపించిరి. జనులను గుంపులు గుంపులుగా నిలిపి బాప్తిస్మమిచ్చి, పోలండునుండి తెప్పించిన ఉన్ని చొక్కాలను పంచిపెట్టిరి. పశ్చిమ భాగమైన జెమైతియాకు ఈ క్రియ 1413లో గాని చేరలేదు. ఆ బాప్తిస్మమున భక్తి యెంత, రాజనీతి యెంత యని నిగ్గు దేల్చుట నేడెవరి తరమును గాదు. ఇంత మాత్రము చెప్పవచ్చును. మతము, రాజ్యము కలిసి నడచుట ఆ దేశమున ఆ దినముననే మొదలైనది.

వనములు నరకబడినవి గాని ఇండ్లలో పొయ్యిలు మిగిలినవి. లిథువేనియా గృహిణులు ఇటీవలి శతాబ్దములవరకును రాత్రివేళ నిప్పును బూడిదతో కప్పి ‘పడుకోబెట్టు’ ఆచారము కలవారు. పొయ్యిలోని నిప్పునకు గబియా యని పేరు. ఆమె దేవత. ఆమె స్నానము చేయుటకని పొయ్యి ప్రక్కన గిన్నెతో మంచి నీరుంచి, ఇల్లు విడిచి పోవద్దని మెల్లగా ప్రార్థించెడివారు. నిప్పుపై ఉమ్మి వేయుట, కాలితో తొక్కుట మహాపరాధములు. ఆ గృహిణులు ఆదివారమునాడు చర్చికి పోవువారే. తాము రెండు మతములు పాటించుచున్నామని వారు తలచియుండరు. భూమిని జెమీనా యనియు, ఉరుమును పెర్కూనస్ అనియు, విధిని లైమా యనియు పాటలలో పిలుచుచునే యుండిరి. సూర్యుడు వారి పాటలలో సౌలే యను స్త్రీ. ‘దైనా’లనబడు ఆ పాటలను లిద్వికస్ రేజా 1825లో తొలిసారిగా సంపుటముగా ప్రకటించెను.

ఆ పాటలు అచ్చైన కాలముననే జాతీయభావము కూడ తలయెత్తినది. రష్యా చక్రవర్తుల ప్రభుత్వము 1864నుండి 1904వరకు లాటిన్ లిపిలో లిథువేనియా భాషను ముద్రించుటను నిషేధించినది. నలువది సంవత్సరములు పుస్తకములు సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చెడివి. తన భాషలో చదువుకొనుటయే నేరమైనచోట, పాత పాట పాడుటలో సహజముగనే ఒక ధిక్కారము ధ్వనించును. ఆ కాలపు పెద్దలలో విదూనస్ అను కలముపేరుతో ప్రసిద్ధుడైన విల్హెల్మస్ స్తొరొస్తస్ (1868–1953) ముఖ్యుడు. ఆయన ఉపాధ్యాయుడు, నాటకకర్త, గాయకబృంద నాయకుడు. దివ్యజ్ఞాన సమాజపు భావములచే, వేదాంతముచే ఆకర్షితుడై భగవద్గీతను తన భాషలోనికి అనువదించెను. పాత దేవతలను ఆయన మరల పూజింపుడని చెప్పలేదు. ఆ పూర్వుల భావనలో సిగ్గుపడవలసినది లేదని చెప్పెను. తరువాతివారికి అంత మాట చాలినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము దేశము సోవియట్ పాలనలో నుండగా, 1967లో యువకులు కొందరు కెర్నవే అను ప్రాచీన రాజధానిలో ‘రసా’ పండుగను జరిపిరి. నేరిస్ నదీతీరమున అయిదు కోటదిబ్బలున్న చోటది. రసా యనగా మంచుబిందువు. జూన్ మాసమున పగలు మిక్కిలి దీర్ఘమైన దినములలో రాత్రియంతయు నిప్పు వెలిగించి, పూలదండలు నీటిలో విడిచి, తెల్లవారునప్పుడు ఉదయించు సౌలేకు పాటతో స్వాగతము చెప్పుట ఆ పండుగ. దానిని జరిపినవారిలో యోనాస్ త్రింకూనస్ (1939–2014) అను జానపద పరిశోధకుడుండెను. జానపద కళయను పేరుతో చేయబడు వానిని ప్రభుత్వము కొంతవరకు సహించినది. పాట పాడవచ్చును, నృత్యము చేయవచ్చును. ఆ పాట ఎవరినుద్దేశించినదో అడుగరాదు. కాని నిప్పుచుట్టు చేరినవారి మౌనములో ప్రార్థన యున్నదని ప్రభుత్వపు కన్నులు త్వరలోనే పసిగట్టినవి. 1973లో త్రింకూనస్ విశ్వవిద్యాలయమందలి ఉద్యోగమును కోల్పోయెను.

1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యమును పునఃస్థాపించుకొన్నది. 1992లో రోమువ మతసంఘముగా రిజిస్టరైనది. ఆ పేరు క్రొత్తది కాదు. ప్రష్యనుల దేశమున రోమొవే యను మహాక్షేత్రముండెననియు, అచ్చటి ప్రధాన పురోహితుని క్రివే యందురనియు దుస్‌బుర్గు పీటరు అను క్రైస్తవ పురోహితుడు 1326లో ముగించిన చరిత్రగ్రంథమున వ్రాసియున్నాడు. నశించిన సోదరజాతివారి క్షేత్రనామమును బ్రతికియున్న జాతివారు తమ సంఘమునకు పెట్టుకొనిరి. 2002 అక్టోబరులో విల్నియస్ నగరమందలి గెదిమినస్ కొండపై త్రింకూనస్ ‘క్రివిస్’గా అభిషిక్తుడయ్యెను.

వారి పూజావిధానము సులభము. రాళ్లతో పేర్చిన ‘ఔకురస్’ అను పీఠముపై నిప్పు రగిల్చెదరు. రొట్టె, ఉప్పు, మూలికలు, ధాన్యము, యవసుర అర్పించెదరు. ప్రతి క్రియకును పాట యుండును. గురువు బోధించిన ఒక గ్రంథము గాని, విశ్వాసప్రకటనము గాని లేదు. ‘దర్నా’ యను మాట వారి నోట తరచు వినబడును. దానికి సామరస్యమని అర్థము. మనుజుడు తనతోను, ఇంటివారితోను, పూర్వులతోను, ప్రకృతితోను కలిసిమెలిసి యుండుట. దీనిని ధర్మశబ్దముతో పోల్చి చూపుట రోమువ వారికే యిష్టము. శబ్దవ్యుత్పత్తి మాట ఎటులున్నను, భావము దగ్గరిదే యని ఒప్పుకొనవచ్చును.

ఇంతవరకు చట్టమునకు అభ్యంతరము లేదు. చిక్కు 1995లో చేయబడిన మతసంఘముల శాసనమునుండి వచ్చినది. ఆ శాసనము మతములను మూడు మెట్లుగా విభజించినది. మొదటి మెట్టున సాంప్రదాయికములైన తొమ్మిది. రోమన్ కాథలిక్, గ్రీకు కాథలిక్, లూథరన్, రిఫార్మ్‌డ్, రష్యన్ ఆర్థొడాక్స్, ఓల్డ్ బిలీవర్, యూదు, సున్నీ ముస్లిం, కరయీము మతములు. ఇవి దేశముయొక్క చారిత్రక, ఆధ్యాత్మిక, సాంఘిక వారసత్వములో భాగములని శాసనము చెప్పినది. రెండవ మెట్టున రాజ్యముచే గుర్తింపబడినవి. మూడవ మెట్టున కేవలము రిజిస్టరైనవి. రోమువ స్థానము మూడవ మెట్టు. ఇందులోని వింతను గమనింపవలెను. సున్నీ తాతారులును, కరయీములును పదునాలుగవ శతాబ్దాంతమున వీతౌతస్ ప్రభువు కాలమున ఆ దేశమునకు వచ్చినవారు. కాథలిక్ మతము 1387లో స్థిరపడినది. వీనికన్నింటికిని ముందునుండి యుండినదాని పేరు సాంప్రదాయికముల పట్టికలో లేదు.

అయితే శాసనకర్తలకు వేరొక సమాధానమున్నది. దానిని త్రోసిపుచ్చరాదు. ముందుండినది పాత మతము. దరఖాస్తు పెట్టుకొన్నది 1992లో రిజిస్టరైన సంఘము. ఈ రెండింటి నడుమ ఆరు వందల సంవత్సరముల దూరమున్నది. పురోహిత పరంపర తెగిపోయినది. నేటి క్రియలు జానపద గీతములనుండియు, శత్రువులు వ్రాసిన చరిత్రలనుండియు కూర్చుకొన్నవి. విమర్శకులు ఎత్తిచూపిన ఈ విషయము చాలవరకు నిజమే. పొయ్యియొద్ద గబియాను ప్రార్థించిన గృహిణికిని, కొండపై అభిషిక్తుడైన క్రివిస్‌కును నడుమ సూత్రమొకటి కలదు గాని, అది సన్నని సూత్రము. రోమువ వారు కూడ తమ నిప్పు ఒకే జ్వాలగా ఆరక వచ్చినదని చెప్పలేరు. నిప్పు కప్పబడియుండెనని మాత్రము చెప్పగలరు.

మరియొక అనుమానము రాజకీయమైనది. గత శతాబ్దమున జర్మనీలో నాజీ నాయకులు కొందరు ప్రాచీన జర్మానిక్ దేవతలను, చిహ్నములను జాత్యహంకారమునకు వాడుకొనిరి. ఆ మచ్చ నేటికిని పోలేదు. పూర్వుల మతమని చెప్పుకొనుచు పరజాతిద్వేషము నూరిపోయు సంఘములు అమెరికాలోను ఐరోపాలోను కలవు. వానిని ఖండించు పేగనులును కలరు. కనుక ఒక ప్రభుత్వము విచారించి చూచుట తప్పు కాదు. విచారించిన పిమ్మట దోషము కనబడకున్నను నిరాకరించుట వేరు సంగతి. ఇక్కడ ఐస్‌లాండు చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. అచ్చట రైతు, కవి యైన స్వైన్‌బ్యోర్న్ బైంతైన్సన్ మొదలైనవారు 1972లో ఆసాత్రూ సంఘమును స్థాపించిరి. దేశపు బిషప్పు అభ్యంతరము చెప్పినను, 1973లోనే ప్రభుత్వము గుర్తించినది. దానివలన రాజ్యమునకు గాని, చర్చికి గాని కలిగిన హాని ఏమియు కానరాదు.

లిథువేనియా శాసనము ప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి 25 సంవత్సరములు నిండిన సంఘము రాజ్యపు గుర్తింపును కోరవచ్చును. సమాజమున ఆదరణ యుండవలెను. బోధనలు చట్టమునకును, నీతికిని విరుద్ధములు కాకూడదు. బాప్టిస్టులు 2001లోను, అడ్వెంటిస్టులు 2008లోను ఈ గుర్తింపు పొందిరి. రోమువ గడువు నిండగానే 2017లో దరఖాస్తు చేసినది. అప్పటికి త్రింకూనస్ దివంగతుడు. 2013లో ఆయనకు దేశాధ్యక్షురాలు దాలియా గ్రిబౌస్కైతే గెదిమినస్ మహాప్రభువు పేరిటి బిరుదమునిచ్చి గౌరవించియుండిరి. అనగా రాజ్యము వ్యక్తిని మెచ్చినది, ఆయన మతము విషయమున ఇంకను నోరు విప్పలేదు. ఆయన భార్య, జానపద సంగీతజ్ఞురాలు ఇనియా త్రింకూనియెనే 2015లో ‘క్రివే’గా అభిషిక్తురాలై సంఘమును నడుపుచుండెను. జనగణనలో 2001లో 1,270 మంది, 2011లో 5,118 మంది తమది ప్రాచీన బాల్టిక్ మతమని వ్రాయించుకొనిరి. న్యాయశాఖ పరిశీలించి, నిబంధనలు నెరవేరినవని అభిప్రాయమిచ్చినది.

సెయ్‌మాస్ అనబడు శాసనసభలో విషయము చర్చకు వచ్చునప్పటికి, కాథలిక్ బిషప్పుల సమాఖ్య తన అభ్యంతరమును సభ్యులకు లేఖద్వారా తెలిపినది. దేశము క్రైస్తవ దేశమనియు, ఇది నిజమైన మతము కాదనియు సభలో కొందరు వాదించిరి. 2019 జూన్ 27న ఓట్లు తీసికొనగా అనుకూలముగా 40, ప్రతికూలముగా 31, తటస్థులు 20. అనుకూలురే అధికులైనను, ఓటింగులో పాల్గొన్నవారిలో సగమునకు మించనందున తీర్మానము వీగిపోయినది. సోవియట్ కాలమున జానపదకళ కాదు, మతమే యని అనుమానింపబడినవారు, స్వతంత్ర దేశమున మతము కాదు, జానపదకళయే యని త్రోసివేయబడిరి!

ఆ నిర్ణయముపై స్వదేశమున అప్పీలు చేసికొను మార్గము లేకపోయినది. రోమువ వారు స్ట్రాస్‌బర్గ్ నగరమందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నాశ్రయించిరి. 2021 జూన్ 8న తీర్పు వెలువడినది. సరియైన హేతువు చూపక రోమువను ఇతర మతములకంటె భిన్నముగా చూచుట వివక్షయనియు, అప్పీలునకు తగిన మార్గము లేకపోవుట కూడ హక్కుల ఉల్లంఘనమే యనియు న్యాయస్థానము నిర్ణయించినది. మతముల విషయమున రాజ్యము తటస్థముగా నుండవలెనే గాని, ఒక విశ్వాసముయొక్క యోగ్యతను తాను తూచరాదన్నది అందలి ముఖ్యాంశము. పరంపర తెగినదా, నిలిచినదా యను ప్రశ్న పండితులది, భక్తులది, ఓట్లు లెక్కించువారిది కాదు. తెగిన పరంపర గల మతమని నిరాకరింపవలసి వచ్చినచో, కాలక్రమమున సంస్కరింపబడిన మతములెన్నింటికో అదే ప్రశ్న ఎదురగును.

తీర్పు వచ్చిన పిమ్మటను సెయ్‌మాస్ తొందరపడలేదు. మూడు సంవత్సరములకు పైగా గడచినవి. 2021 జనగణనలో రోమువీయుల సంఖ్య 3,917కు తగ్గినది. నిరాకరణమే దానికి కారణమని చెప్పుటకు ఆధారము లేదు. అంత స్వల్పసంఖ్యాకుల వలన అంత పెద్ద సభకు భయమెందుకో మాత్రము ఆలోచింపదగియున్నది. ఒక చిన్న సంఘమునకు గుర్తింపునిచ్చిన, ‘లిథువేనియను అనగా కాథలిక్’ అను సమీకరణమునకు బీటవారునని కొందరు శంకించిరేమో! సోవియట్ కాలమున కాథలిక్ చర్చియే జాతిని కాపాడిన కోటగా నిలిచిన మాట వాస్తవము. ఆ కోటలోనివారికి, కోటకు ముందే అచ్చట వనమొకటి యుండెనన్న మాట చేదుగా తోచుట మానవసహజము.

తుదకు 2024 డిసెంబరులో సెయ్‌మాస్ రోమువకు రాజ్యపు గుర్తింపు నొసగినది. సాంప్రదాయిక మతముల తొమ్మిదింటి పట్టిక మారలేదు. రోమువ రెండవ మెట్టునకు ఎక్కినది. వివాహములకు చట్టబద్ధత, పాఠశాలలలో మతబోధ చేయు హక్కు ఆ మెట్టుతో వచ్చునవి. అంతకు పూర్వము ఔకురస్‌యొద్ద నిప్పుచుట్టు పాటలు పాడి వివాహమాడిన వధూవరులు, చట్టము దృష్టిలో దంపతులగుటకు ప్రభుత్వ కార్యాలయమునకు పోయి మరియొకమారు సంతకములు చేయవలసియుండెడిది.